కోర్టులో తేలని తగాదా: విశాఖ న్యాయవాది శాసనసభ దారి

విశాఖపట్నంలో భూమి కేసులు చూసే ప్లీడరు ఆఫీసులో కాసేపు కూర్చుంటే ఒక దృశ్యం కనబడుతుంది. అడవివరం నుంచో వేపగుంట నుంచో ఒక కుటుంబం వస్తుంది. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులో ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న అమ్మకం ఒప్పందం, మడతల దగ్గర చిరిగిపోయిన తాతల నాటి కాగితం. జూనియర్ వాటిని తేదీల వరుసలో బల్ల మీద పేరుస్తాడు. సీనియర్ ఒక్కొక్కటీ చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి చెప్పే మాట మాత్రం ఎప్పుడూ దాదాపు ఒకటే: "అమ్మా, ఇది కోర్టులో తేలేది కాదు. ప్రభుత్వంలో తేలాలి."

న్యాయవాది శాసనసభ్యుడయ్యే దారి ఎక్కడ మొదలవుతుందంటే చాలామంది వాగ్ధాటి గురించో, బార్ అసోసియేషన్ ఎన్నికల గురించో, పార్టీ పెద్దల పరిచయాల గురించో చెబుతారు. అవన్నీ తర్వాతి మజిలీలు. విశాఖ వంటి ఊళ్లో ఆ దారి సీనియర్ చెప్పిన ఆ మాట దగ్గరే మొదలవుతుంది. ఒకే రకం సంచితో వందో కుటుంబం వచ్చినప్పుడు, ఒక్కో దావాగా చూస్తే ఎప్పటికీ తెగని ఈ వ్యవహారం అసలు చట్టం రాసేచోటే చిక్కుబడిందని ఆ ప్లీడరుకు అర్థమవుతుంది. అర్థమైన వారిలో చాలామంది నిట్టూర్చి తర్వాతి ఫైలు తీస్తారు. కొద్దిమంది మాత్రం ఆ చిక్కును వదలలేరు.

అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం కలిపి పంచగ్రామాలు. సింహాచలం దేవస్థానం భూములుగా రికార్డుల్లో ఉన్న ఆ నేల మీద దశాబ్దాలుగా ఇళ్లు లేచాయి, వీధులు ఏర్పడ్డాయి, నగరం వాటిని తనలో కలిపేసుకుంది. అయినా అమ్ముకుందామంటే రిజిస్ట్రేషన్ కాదు, పై అంతస్తు వేద్దామంటే ప్లాను రాదు, కూతురి పెళ్లికి తాకట్టు పెడదామంటే బ్యాంకు ముట్టుకోదు. ఒక కుటుంబం తరఫున ఇంజంక్షన్ తెచ్చి కూల్చివేతను ఆపవచ్చు. వాయిదాల మీద కొన్నేళ్లు నెట్టుకురావచ్చు. కానీ దేవుడి భూమికి బదులు ఎక్కడ ఎంత భూమి ఇవ్వాలి, క్రమబద్ధీకరణకు ఏ లెక్కన వసూలు చేయాలి, దానికి దేవాదాయ చట్టంలో ఏ మార్పు కావాలి అన్న ప్రశ్నలకు డిక్రీలో చోటుండదు. అవి సచివాలయంలో, శాసనసభలో తేలవలసినవి. అందుకే ప్రతి ఎన్నికకూ ఈ ఐదు ఊళ్ల సమస్య హామీల పత్రంలోకి ఎక్కుతూ వచ్చింది.

ఈ ఊరికి ఇలాంటి ముడులు ఇంకా ఉన్నాయి. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చి ఆర్-కార్డులు (పునరావాస కార్డులు) చేతబట్టుకున్న నిర్వాసితులు గాజువాక వైపు రెండో తరంలోనూ ఉద్యోగం కోసం అడుగుతూనే ఉన్నారు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలోకి ఒక జిరాయితీ (సొంత పట్టా) సర్వే నంబరు పొరపాటున చేరితే, దాన్ని తీయించుకోవడానికి రైతు తహసీల్దారు కార్యాలయం నుంచి కలెక్టరేట్ దాకా చెప్పులరిగేలా తిరగాలి. రికార్డుల తారుమారు ఆరోపణలు ఎంత దూరం వెళ్లాయంటే, 2017లో ఒకసారి, 2019లో మరోసారి రెండు వేర్వేరు ప్రభుత్వాలు విశాఖ భూ అక్రమాల మీద ప్రత్యేక దర్యాప్తు బృందాలను వేయాల్సి వచ్చింది. ఈ ఊరి రాజకీయం సగం భూమి రాజకీయమే. భూమి కాగితం చదవడం వచ్చినవారికి ఇక్కడ సహజంగానే ఒక స్థానం ఉండాలి. ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఒకప్పుడు ఉండేది. తెన్నేటి విశ్వనాథం న్యాయవాది. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లి, శాసనసభలో కూర్చుని, 1953లో ప్రకాశం మంత్రివర్గంలో మంత్రిగా పనిచేసి, 1966 ఉక్కు ఉద్యమంలో ముందు నిలిచి, 1967లో ఏ పార్టీ గుర్తూ లేకుండా స్వతంత్రుడిగా విశాఖ నుంచి లోక్‌సభకు గెలిచారు. బీచ్ రోడ్డులో ఆయన పేరుతో ఉన్న పార్కులో సాయంత్రాలు కూర్చునేవారిలో ఆయన ప్లీడరన్న సంగతి ఎందరికి గుర్తుందో. కాస్త ఉత్తరానికి వెళితే, ఐర్లండ్‌లో న్యాయశాస్త్రం చదివి బరంపురంలో ప్రాక్టీసు పెట్టిన వి.వి.గిరి మద్రాసు శాసనసభ ఎన్నికల్లో బొబ్బిలి రాజానే బొబ్బిలిలో ఓడించారు. టంగుటూరి ప్రకాశం రాజమండ్రి ప్లీడరుగా మునిసిపల్ ఛైర్మన్ కుర్చీలో కూర్చున్న తర్వాతే బారిస్టరై, ఆ పైన ముఖ్యమంత్రి అయ్యారు. సబ్బవరంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఎవరి పేరు మోస్తోందో ఆ దామోదరం సంజీవయ్య కూడా న్యాయవాదే. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి ఆయన.

ఆ తర్వాతి తరంలోనూ ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ దారికి ఒక మలుపుగా నిలిచింది. అక్కడి లా కళాశాలలో చదివిన ఎం.వెంకయ్యనాయుడు విద్యార్థి రాజకీయాల నుంచి నేరుగా 1978లో ఉదయగిరి శాసనసభ్యుడయ్యారు. అదే విశ్వవిద్యాలయంలో చదివిన జి.ఎం.సి.బాలయోగి కాకినాడలో ప్రాక్టీసు చేసి, మేజిస్ట్రేటు ఉద్యోగానికి రాజీనామా చేసి, 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ ఛైర్మన్ అయ్యారు. పార్లమెంటు, శాసనసభ, లోక్‌సభ స్పీకర్ పదవి ఆ తర్వాత వచ్చాయి. ఈ రెండు జీవితాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకరు ఉద్యమం నుంచి వచ్చారు, ఇంకొకరు స్థానిక సంస్థ నుంచి వచ్చారు. ప్రకాశానిది, బాలయోగిది ఒకే మెట్టు: ఊరి పాలన. మామూలు ప్లీడరుకు అందుబాటులో ఉండే మెట్టు అదే.

విశాఖలో విరిగిపోయింది సరిగ్గా ఆ మెట్టే. నగరపాలక సంస్థకు 2007లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. మళ్లీ ఓటు వేసింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్లపాటు ఇంత పెద్ద నగరానికి కార్పొరేటర్ లేడు, మేయర్ లేడు, ప్రత్యేకాధికారులే పాలించారు. ఇది పాలనకు జరిగిన నష్టమని మాత్రమే అందరూ మాట్లాడారు. రాజకీయంలోకి కొత్తగా రావాలనుకున్న ఒక తరానికి జరిగిన నష్టం ఇంకా పెద్దది. 2012లో ముప్పై ఏళ్లున్న న్యాయవాదికి తన వార్డులో పోటీ చేసి, కాలువల గురించీ పన్నుల గురించీ కౌన్సిల్లో వాదించి, జనం ముందు నిలబడే అవకాశం వచ్చేసరికి నలభై దగ్గరపడింది. వార్డులో గెలుపు కోసం ఇల్లిల్లూ తిరగడానికి సొంత కాళ్లు చాలు. శాసనసభ నియోజకవర్గానికి అవి చాలవు. ఇప్పుడున్న 98 వార్డుల్లో ఎన్నికలు వేళకు జరగడమన్నది చిన్నవారి భవిష్యత్తుకు సంబంధించిన విషయం. దీన్ని ఏ పార్టీ అధికారంలో ఉన్నా తేలిగ్గా తీసుకోకూడదు.

మెట్టు లేనప్పుడు న్యాయవాది పార్టీలోకి లీగల్ సెల్, అంటే పార్టీ న్యాయ విభాగం, గుమ్మం నుంచి వెళతాడు. అక్కడ అతని విలువ తెలిసేది నామినేషన్ల రోజుల్లో. పోటీకి చట్టం అడిగేవి చూడటానికి చాలా తక్కువ. భారత పౌరుడై, 25 ఏళ్లు నిండి, రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉంటే చాలు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు, మిగిలినవారికి పదిమంది. ధరావతు 10,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ డబ్బు పోతుంది. ఇంతేగా అనిపిస్తుంది. కానీ ఫారం 26 ప్రమాణపత్రంలో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ రాయాలి. గడి ఖాళీగా వదిలి, అధికారి గుర్తుచేశాక కూడా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇతనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే బీ-ఫారం నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటిలోగా అందాలి, అది కూడా సిరాతో చేసిన అసలు సంతకంతో. పరిశీలనలోపు ప్రమాణం చేయాలి.

ఆఖరి రోజు రిటర్నింగ్ అధికారి కార్యాలయం బయట ఎలా ఉంటుందో చూసినవారికి తెలుసు. లోపల అభ్యర్థి మెడలో దండతో కూర్చుని ఉంటాడు. వరండాలో ఒక ప్లీడరు కారు బానెట్ మీద కాగితాలు పరిచి, ఓటరు జాబితాలో ప్రతిపాదకుడి వరుస సంఖ్యను వేలితో వెతుకుతుంటాడు. భాగం సంఖ్య తప్పుపడితే సరిచేస్తాడు. భార్య పేరిట ఉన్న స్థలం విలువ రాశారా అని ఫోనులో అడుగుతాడు. గడియారం రెండున్నర దాటాక చెమటలు పట్టేది అతనికే. లెక్కింపు నాడు, పోలైన ఓట్ల లెక్క రాసే 17సి ఫారాల్లోని అంకెలను యంత్రాల్లోని అంకెలతో పోల్చిచూసేదీ అతనే. ఓడితే 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ తయారుచేసేదీ అతనే. ఇన్ని ఎన్నికలు ఇంకొకరి కోసం నడిపినవారికి టికెట్టు మాత్రం దొరకదు. పార్టీలు వారిని మంచి పనిముట్టుగా చూడటానికి అలవాటుపడ్డాయి. నిలబెట్టదగిన మనిషిగా చూడటం మరిచిపోయాయి.

కారణం డబ్బు అని ఒక్క మాటలో చెప్పి వదిలేయడం తేలిక. అంకెలను దగ్గరగా చూడటం మేలు. శాసనసభ అభ్యర్థి చట్టప్రకారం చేయగల ఖర్చు 2022 నుంచి 40 లక్షల రూపాయలు. ప్రాక్టీసు తొలి మూడేళ్లలో జూనియర్లు బతకడానికి 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన పథకంలో ఇచ్చిన భృతి నెలకు 5,000. ఆ లెక్కన చట్టం అనుమతించిన పరిమితి ఒక జూనియర్‌కు అరవై ఆరేళ్ల భృతికి సమానం. సీనియర్ల పరిస్థితి వేరే అయినా, జిల్లా కోర్టులో సివిల్ పక్షం చూసేవారి ఆదాయం ఫీజు వాయిదాల్లో వస్తుంది, మూటగా రాదు. పైగా 40 లక్షలన్నది అభ్యర్థి ఖాతాకు పెట్టిన హద్దు, పార్టీ పెట్టే ఖర్చుకు హద్దే లేదు. అందుకే టికెట్లు నిర్మాణరంగం, విద్యాసంస్థలు, కాంట్రాక్టుల వైపు వెళుతున్నాయి. మొదటి లోక్‌సభలో దాదాపు మూడో వంతు న్యాయవాదులుండేవారు. ఇప్పుడు వృత్తి న్యాయవాదమని చెప్పుకునే సభ్యులు పదింట ఒకరు కూడా లేరు.

అయితే విశాఖ ఓటరు డబ్బుకో గాలికో మాత్రమే లొంగుతాడనడం అన్యాయం. 2019లో రాష్ట్రమంతా ఒకవైపు కొట్టుకుపోయి 175లో 151 స్థానాలు ఒకే పార్టీకి వెళ్లినప్పుడు, నగరంలోని తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ నియోజకవర్గాలు నాలుగూ ఎదురుపార్టీని గెలిపించాయి. తూర్పులో 2009 నుంచి 2024 దాకా నాలుగు ఎన్నికల్లో ఒకే అభ్యర్థి గెలుస్తూ వచ్చారు. గాలి బలంగా ఉన్నచోట 2024 గాజువాకలో మాదిరిగా 95,235 ఓట్ల తేడా కూడా వస్తుంది. రెండూ ఈ ఊరే. ఏళ్ల తరబడి గుమ్మం ముందు కనబడిన మనిషిని ఈ నగరం గుర్తుపెట్టుకుంటుందని ఆ నాలుగు స్థానాలు చెబుతున్నాయి. ప్లీడరుకు ఆ పరిచయం వృత్తిలోనే దొరుకుతుంది. అయితే కక్షిదారుల్లో సగంమందికి ఎదుటి పక్షం కూడా అదే వార్డులో ఉంటుంది. ఒక కేసు గెలిచినప్పుడు ఒక ఇల్లు దగ్గరై ఒక ఇల్లు దూరమవుతుంది. ఇరవై ఏళ్ల ప్రాక్టీసు తర్వాత కూడా ఓడిన పక్షం నమస్కారం పెట్టే ప్లీడరే ఎన్నికల్లో నిలబడగలడు.

శాసనమండలి ఇంకో తలుపు. 58 మంది సభ్యుల్లో పట్టభద్రులు ఎన్నుకునేవారు అయిదుగురు. ముప్పై ఏళ్లు నిండాలి. ఓటర్లు చదువుకున్నవారు, ఓటు ప్రాధాన్యక్రమంలో వేస్తారు. వినడానికి న్యాయవాదికి సరిపోయిన తలుపులా ఉంటుంది. కానీ ఉత్తరాంధ్ర పట్టభద్రుల స్థానం ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలంతటిది, అంటే 34 శాసనసభ నియోజకవర్గాల విస్తీర్ణం. పట్టభద్రులు ప్రతి ఎన్నికకూ కొత్తగా నమోదు చేసుకోవాలి. నమోదు చేయించగల యంత్రాంగం ఉన్నవారే పోటీలో ఉంటారు. 2023లో ఇక్కడ గెలిచిన వేపాడ చిరంజీవిరావు అర్థశాస్త్రం బోధించినవారు. వేలాది విద్యార్థులే ఆయనకు ఆ యంత్రాంగం. ప్లీడరుకు శిష్యులుండరు, కక్షిదారులుంటారు. కక్షిదారు కేసు తేలాక మళ్లీ కోర్టు గడప తొక్కకూడదనే కోరుకుంటాడు.

మరి న్యాయవాది సభలో లేకపోతే ఊరికి పోయేది ఏమిటి? దీనికి జవాబు 2023 చివరి నెలల్లో జిల్లా కోర్టుల ఆవరణల్లో దొరికింది. ఆంధ్రప్రదేశ్ భూహక్కుల చట్టం ఆ అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. నీతి ఆయోగ్ నమూనాను అనుసరించినదేనని, భూమికి పక్కా హక్కు ఇవ్వడమే ఉద్దేశమని నాటి ప్రభుత్వం చెప్పింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ చట్టం పాఠం చదివిన న్యాయవాదులకు కనబడింది వేరు. హక్కు వివాదాన్ని తేల్చే పని సివిల్ కోర్టు నుంచి తీసి టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారికి, ఆ పైన అప్పీలు అధికారికి అప్పగించారు. రిజిస్టరులో పేరు ఎక్కాక రెండేళ్లలో ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే అదే తుది హక్కు. అప్పీలులోనూ ఓడితే మిగిలేది అమరావతిలోని హైకోర్టు. భీమిలి వైపు రెండెకరాల రైతు విషయంలో దీని అర్థం ఆలోచించాలి. ఇప్పటిదాకా అతను పొద్దున్నే బస్సెక్కి దగ్గరి కోర్టుకు వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. కొడుకు గల్ఫ్‌లో ఉండి రెండేళ్లు ఊరికి రాకపోతే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పలేదు.

విశాఖతో సహా రాష్ట్రమంతటా న్యాయవాదులు వారాల తరబడి విధులు బహిష్కరించారు. ఆ బహిష్కరణవల్ల కక్షిదారులు పడిన ఇబ్బంది తక్కువేమీ కాదు, వాయిదాలు కుప్పపడ్డాయి. అయినా ఆ చట్టం వీధిలో చర్చకు వచ్చింది వారివల్లే. 2024 ఎన్నికల్లో అది పెద్ద అంశమైంది, అదే ఏడాది జూలైలో కొత్త సభ దాన్ని రద్దుచేసింది. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. బార్ అసోసియేషన్ గదుల్లో లేవనెత్తిన ప్రతి ప్రశ్నా బిల్లు సభ ముందున్నప్పుడే అడగదగినది. సెక్షన్ తర్వాత సెక్షన్ చదివి, "ఇక్కడ సివిల్ కోర్టు తలుపు మూస్తున్నారు, ఎందుకు?" అని గట్టిగా, వదలకుండా అడిగేవారు సభలో చాలినంతమంది ఉంటే, ఆ పని ఎండలో టెంట్ల కింద చేయాల్సిన అవసరం ఉండేది కాదు.

చదవగలిగినంతమాత్రాన ఆపగలరా అన్న సందేహం సరైనదే. 1985లో వచ్చిన రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధం) ప్రకారం విప్‌ను, అంటే పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వమే పోతుంది. కాబట్టి అధికారపక్షంలోని న్యాయవాది చేయగలిగేదంతా ఓటుకు ముందే చేయాలి: పార్టీ సమావేశంలో, సవరణ సూచనలో, బిల్లును వివరంగా పరిశీలించే సెలెక్ట్ కమిటీలో. కమిటీకి ఉన్న విలువను విశాఖ స్వయంగా చూసింది. 2020 జనవరిలో ఈ ఊరిని పరిపాలనా రాజధాని చేసే బిల్లును మండలి ఛైర్మన్ సెలెక్ట్ కమిటీకి పంపాలని నిర్ణయిస్తే, వారం తిరక్కుండానే, జనవరి 27న, మండలినే రద్దుచేయాలని శాసనసభ తీర్మానించింది. 2021 నవంబరులో ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. రాజధాని ఎక్కడుండాలన్న దానిమీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఒక బిల్లును కూర్చుని చదువుదామన్న ప్రతిపాదన అంతటి కోపం తెప్పించడం బాధపడాల్సిన విషయం.

గెలిచాక నల్లకోటు విప్పాలా అన్నది చాలాకాలం నలిగిన ప్రశ్న. జీతం తీసుకునే పూర్తికాల ఉద్యోగి న్యాయవాదిగా కొనసాగకూడదని బార్ కౌన్సిల్ నియమం. శాసనసభ్యుడికీ జీతం ఉంది కదా అని వాదన. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది: ప్రజాప్రతినిధి ఎవరి ఉద్యోగీ కాదు, ప్రాక్టీసుకు అడ్డు లేదు. ప్రభుత్వ ప్లీడరు పదవి సంగతి వేరు. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవారు సభ్యత్వానికి అనర్హులన్న చిక్కు అక్కడుంది. రాజస్థాన్‌లో ఒక మధ్యవర్తిత్వ కేసుకు ప్రత్యేక ప్రభుత్వ ప్లీడరుగా నియమితురాలైన కాంత కథూరియా ఎన్నికను హైకోర్టు కొట్టేసింది. తర్వాత రాష్ట్ర శాసనసభ వెనకటి తేదీతో చట్టం చేసింది. చివరకు 1969లో సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరోవైపు ఉండి ఆమె సభ్యత్వం నిలిచింది. అంత దూరం వెళ్లకుండా, పోటీ ఆలోచన వచ్చిన రోజే ఆ పదవికి రాజీనామా ఇవ్వడం క్షేమం.

చట్టం అడ్డుపడకపోయినా, పంచగ్రామాల కుటుంబం తరఫున దేవస్థానం మీద దావా నడుపుతున్న ప్లీడరు శాసనసభ్యుడైతే చిక్కు వేరేచోట వస్తుంది. రేపు ఆ భూముల మీద బిల్లు వస్తే అతను మాట్లాడేది నియోజకవర్గం కోసమా, ఫీజు ఇచ్చిన కక్షిదారు కోసమా? కక్షిదారు చెప్పిన రహస్యాలను సాక్ష్య చట్టం ప్రకారం బయటపెట్టకూడదు. అవి తెలిసిన మనిషే సభలో లేచి నిలబడతాడు. ఇందుకు తగిన పద్ధతి కోర్టు ఆచారంలోనే ఉంది. వకాలత్ మరొకరికి మారాలంటే పాత ప్లీడరు అభ్యంతరం లేదని కొత్త వకాలత్ మీద సంతకం పెట్టాలి. ఫలితం వచ్చిన మర్నాడు, ఇంకా దండలు వాడకముందే, గుమాస్తాను పిలిచి దేవస్థానం ఫైళ్లు, 22ఎ ఫైళ్లు, నిర్వాసితుల ఫైళ్లు వేరుచేయించి, ఒక్కో వకాలత్ మీదా ఆ సంతకం పెట్టాలి. ఆ ఫైళ్లలోని తగాదా కోర్టులో తేలదని మొదట చెప్పింది తనే.